పాట ముందు, కెమెరా తర్వాత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగం)

ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, నా తోటి బ్యాచ్ వాళ్లకు, వెనక బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న ఇప్పటి విద్యార్థులకు, ముఖ్యంగా వాళ్లకే, ఈ నాలుగు మాటలు.

స్వర్ణోత్సవం రోజు తెర మీద వేయడానికి ఒక పాట వీడియో తీయాలని సంఘం అనుకుంది. ఇప్పటి పిల్లలు పాడాలి, వాళ్లే ఆడాలి, నాలుగు నిమిషాలు ఉండాలి. దానికని కొంత డబ్బు పక్కన పెట్టారు. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. ఆ తర్వాతే రెండు మాటలయ్యాయి. ‘హైదరాబాదు నుంచి ఒక టీమును పిలుద్దాం, డ్రోనుతో సహా వస్తారు, రెండు రోజుల్లో తీసి చేతిలో పెడతారు’ అని కొందరు. ‘అదేం లేదు, పిల్లలే చేసుకోనీ’ అని కొందరు. సౌండ్ రికార్డింగ్ నా వృత్తి కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. నాది రెండో పక్షమే. కానీ ‘పిల్లలే చేసుకోనీ’ అని చెప్పి, మనం కార్లెక్కి వెళ్లిపోయే పక్షం మాత్రం కాదు.

నా మాట సూటిగా చెప్తాను. వీడియో తీయడం ఒక్క రోజు పని. దాని వెనక సాధన నలభై రోజుల పని. మనం డబ్బంతా ఆ ఒక్క రోజు మీద పెట్టి, నలభై రోజుల్ని గాలికి వదిలేస్తున్నాం. తిరగేయండి. డబ్బు, మనుషులు, ఓపిక సాధన మీద పెట్టండి. చివరి రోజుకు ఎవరి దగ్గరైనా ఉన్న మంచి ఫోను సరిపోతుంది.

ముందు, ఏ పాట అన్నది తేలాలి. పిల్లల్ని అడిగితే సినిమా పాటే అంటారు. అది వాళ్ల తప్పు కాదు, మనం అడిగినా అదే అనేవాళ్లం. వార్షికోత్సవంలో సినిమా పాటకు డ్యాన్సు వేయడానికి చట్టం అడ్డు చెప్పదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ బడికి ఒక వెసులుబాటు ఇచ్చింది. బడి కార్యక్రమంలో భాగంగా టీచర్లు, విద్యార్థులు ప్రదర్శన ఇస్తే, చూసేవాళ్లు కూడా ఆ బడివాళ్లు, తల్లిదండ్రులు, ఆ కార్యక్రమంతో నేరుగా సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయితే, అది హక్కుల ఉల్లంఘన కిందికి రాదు. అదే డ్యాన్సును తీసి యూట్యూబులో పెట్టారనుకోండి, చూసేది లోకమంతా. అప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. పైగా యూట్యూబులో కంటెంట్ ఐడీ అని ఒక ఏర్పాటు ఉంది. పాట ముక్క వినపడగానే అది ఎవరి హక్కులో ఉందో పోల్చి చూస్తుంది. హక్కుదారు వీడియోను ఆపించవచ్చు, లేదంటే దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు తనే తీసుకోవచ్చు. పిల్లలు నలభై రోజులు కష్టపడితే, మన వాళ్లు అమెరికాలో లింకు నొక్కేసరికి ‘ఈ వీడియో మీ దేశంలో అందుబాటులో లేదు’ అని రావచ్చు.

‘అయితే జానపదం పెడదాం, అది ఎవరిదీ కాదు కదా’ అని మొన్న ఒక తమ్ముడు అన్నాడు. ఎవరిదీ కాదు అన్నమాట అంత తేలిగ్గా అనకూడదు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ పాట వచ్చినప్పుడు ఏమైందో గుర్తుందా? ఆ పాటను అంతకుముందు ‘రేలా రే రేలా’ టీవీ పోటీలో పాడి జనంలోకి తెచ్చింది నేను కదా అని ఒక జానపద గాయని అడిగింది. టీవీల్లో చర్చ నడిచింది. ఎవరిది న్యాయమో నేను తీర్పు చెప్పబోవడం లేదు. ఊళ్లో నాట్లేసేటప్పుడు పాడే పాటకు రాసినవాడి పేరు ఉండకపోవచ్చు, కానీ దాన్ని గుర్తుపెట్టుకుని మనకు అందించిన మనిషి ఉంటుంది. ఆ మనిషి పేరు తెర మీద పడాలి. మీ నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాటైతే మీ నాయనమ్మ పేరు వేయండి.

రేలా పాట సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భద్రాచలం వైపు అడవి మనకు దూరం కాదు. కోయ పిల్లలు మన తరగతుల్లో చదివారు, చదువుతున్నారు. రేలా పాట పెట్టుకుంటే బాగుంటుందని చాలామందికి ఉంది. బాగుంటుంది కూడా. కానీ కొమ్ముల తలపాగా అద్దెకు తెచ్చి, ఆ పాట ఎందుకు పాడతారో తెలియని పిల్లల నెత్తిన పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. మణుగూరు దగ్గర సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. డోలి వాయిస్తూ కోయల వంశ చరిత్రలు, సమ్మక్క సారలమ్మ గాథలు పాడిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కాలం చేశారు. ఆయన ఆ గాథలు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఏళ్ల తరబడి విని, వాళ్ల వెంట వాయించి నేర్చుకున్నారు. సాధన అంటే నా దృష్టిలో అది. కాబట్టి రేలా పెట్టదలిస్తే, మన బడిలో చదివే కోయ పిల్లలు, వాళ్ల ఇళ్లలోని పెద్దలు ముందుండి నేర్పాలి. మిగతావాళ్లు వాళ్ల వెనక నిలబడి నేర్చుకోవాలి. అలా కుదరకపోతే ఆ పాట జోలికి పోవద్దు.

నన్నడిగితే పిల్లల చేతే కొత్త పాట రాయించండి అంటాను. భయపడకండి. కవిత్వం రాయమని కూర్చోబెడితే ‘విద్యాలయమే దేవాలయం’ అని రాసుకొస్తారు, మనమూ అదే రాశాం. అలా కాకుండా వస్తువులు అడగండి. పొద్దున లేచి బడికి వచ్చేలోపు ఏం చూశావు, ఏం విన్నావు? ఒకడు సాగర్ కాలువ అంటాడు. ఒకమ్మాయి పామాయిల్ గెలలు ట్రాక్టరుకెత్తే చప్పుడు అంటుంది. మామిడికాయల సీజనులో తోట కాపలా, సత్తుపల్లి ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు, కందుకూరు వెంకన్న స్వామి గుడి గంట, రోడ్డు మీద బొగ్గు లారీ. 2014 జూన్ 2 తర్వాత మనకు కూతవేటు దూరంలో రాష్ట్రం సరిహద్దు పడింది. ఇటు బడి, అటు అమ్మమ్మగారి ఊరు ఉన్న పిల్లలు ఎంతమంది లేరు? ఇవన్నీ పలక మీద మాటల్లా రాసుకోండి. వాటిలోంచి పల్లవి దానంతటదే తేలుతుంది. తేలడానికి టైము పడుతుంది, అంతే. ‘నాటు నాటు’ పాట చాలా భాగం ఒక పూటలో వచ్చేసిందని, మిగిలిన కాస్తా పూర్తి కావడానికి ఏడాదిన్నర పైనే పట్టిందని చంద్రబోస్ గారే చెప్పారు. ఆయనదీ పల్లెటూరే, చల్లగరిగె. ఆయనకే అంత పట్టినప్పుడు తొమ్మిదో తరగతి వాడికి రెండు వారాలు ఇవ్వలేమా?

ఇక గొంతుల సంగతి. ఇక్కడ మన బళ్లల్లో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. పాట నేర్పే మాస్టారు తన గొంతుకు తగ్గ శ్రుతిలో ఎత్తుకుంటారు. మగవాళ్లది ఒకటి, ఒకటిన్నర శ్రుతి. అక్కడ ఆడపిల్లలకు కింది స్వరాలు అందవు. అందక గొణుగుతారు. ‘గట్టిగా పాడండే’ అని మనం కసురుతాం. ఐదు శ్రుతి దగ్గర పెట్టి చూడండి, అదే పిల్లలు కిటికీలు అదిరేలా పాడతారు. తొమ్మిది, పది తరగతుల మగపిల్లల గొంతు మారుతూ ఉంటుంది. ఒక వాక్యంలోనే రెండు గొంతులు వస్తాయి. వాళ్లను చూసి నవ్వనివ్వకండి, పై స్వరాలు పాడమని బలవంతపెట్టకండి. వాళ్లకు కింది స్థాయిలో ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే వంతపాట ఇవ్వండి, లేదా డప్పు ఇవ్వండి. ఆరునెలలు పోతే వాళ్లలోంచే మంచి గాయకుడు రావచ్చు. ఆ ఆరునెలల్లో ఎవరో వెక్కిరించారని జీవితంలో మళ్లీ పాడని మగవాళ్లు ఈ సభలోనే కొందరు ఉన్నారు, చేతులెత్తమనను లెండి.

పాట తయారయ్యాక ముందు రికార్డు చేయాలి. కెమెరా ఇంకా బయటకు రాకూడదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది 1932లో. ఆ రోజుల్లో నటులే కెమెరా ముందు నిలబడి పాడేవాళ్లు. తర్వాత ప్లేబ్యాక్ పద్ధతి వచ్చింది. పాట ముందే రికార్డు చేసి, తీసేటప్పుడు స్పీకరులో వేస్తారు, నటులు పెదవులు కలుపుతారు. మనమూ అదే చేద్దాం. ఎందుకంటే మైదానంలో గెంతుతూ పాడితే ఏ పిల్లకైనా ఆయాసం తప్ప పాట వినపడదు.

రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు, కానీ తరగతి గది పనికిరాదు. నున్నటి గోడలు, సిమెంటు గచ్చు. చప్పట్లు కొట్టి చూడండి, గది ఎదురు మాట్లాడుతుంది. మన బడిలో అన్నిటికన్నా మంచి రికార్డింగు గది ఏదో తెలుసా? మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గది. నవ్వకండి. నేర్చుకున్నవాడిని కాబట్టి చెప్తున్నాను, బస్తాలు ధ్వనిని మింగేస్తాయి. మిగిలిన ఖాళీ గోడకు రెండు బొంతలు వేలాడదీయండి. ఫ్యాను కట్టేయండి. ట్యూబులైటు గుయ్‌మంటే అదీ తీసేయండి. బయట బోరు మోటారు ఆగి ఉండాలి. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడులో ఉండాలి. అందరినీ ఒకేసారి కుక్కకుండా ఎనిమిదేసి మందిని పిలిచి, అదే పాట అదే తాళంలో పాడించుకుంటే, తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. దానికి తాళం ఒక్కటిగా ఉండాలి. ఫోనులో మెట్రోనోము పెట్టి, పాడేవాళ్ల చెవిలో ఇయర్‌ఫోను పెట్టండి.

ఇప్పుడు కాస్త లెక్కలు. నిమిషానికి 96 దెబ్బల వేగం అనుకోండి. నాలుగు నిమిషాలకు 384 దెబ్బలు. పదహారు దెబ్బలకు ఒక ముక్క చొప్పున కోస్తే 24 ముక్కలు. అంతే, మన కొండ ఇంతే. రోజుకు ఒక ముక్క నేర్చుకుంటే 24 రోజులు. నలభైలో ఇంకా 16 రోజులు మిగిలాయి. ఆ పదహారు రోజులూ ముక్కలు అతికించడానికి. అతుకుల దగ్గరే అడుగు తప్పుతుంది తప్ప ముక్కల మధ్యలో కాదు. ఇంకో మాట. చివరి ముక్క ముందు నేర్పండి. ఎప్పుడూ మొదటి నుంచి మొదలుపెడితే పల్లవి వందసార్లు వస్తుంది, ఆఖరి చరణం పదిసార్లు కూడా రాదు. జనం గుర్తుపెట్టుకునేది ఆఖరే.

రోజుకు అరగంట చాలు. అది ఎప్పుడన్నది తేల్చాలి. భోజనం అయిన వెంటనే వద్దు, నిండు కడుపుతో పాడలేరు, గెంతితే కడుపులో నొప్పి. సాయంత్రం బడి వదిలాక అంటే పక్క ఊళ్ల ఆడపిల్లలకు బస్సు పోతుంది. బస్సు పోయిన పిల్ల మర్నాడు సాధనకు రాదు, వాళ్ల అమ్మ రానివ్వదు. పొద్దున ప్రార్థన అయ్యాక అరగంట హెడ్మాస్టరు గారు ఇవ్వగలిగితే అదే మంచిది. పదో తరగతి వాళ్లను వదిలేద్దామని ఒక సూచన వచ్చింది. పరీక్షలు ఉన్నాయి, నిజమే. కానీ ఈ బడిలో వాళ్లకు ఇదే ఆఖరి ఏడు. వాళ్లకు ఒక్క చరణం, పది రోజుల సాధన, స్పెషల్ క్లాసులు మొదలుకాకముందే ముగించేద్దాం. పూర్తిగా తీసేయడం మాత్రం న్యాయం కాదు.

మైదానంలో సాధన చేసేటప్పుడు ఒక వింత చూస్తారు. స్పీకరు స్టేజీ దగ్గర ఉంటుంది. ముందు వరుస సరిగ్గా వేస్తుంది, వెనక వరుస ఎప్పుడూ కాస్త ఆలస్యం. ‘వెనక వాళ్లకు శ్రద్ధ లేదు’ అని పీఈటీ సారు విజిలేస్తారు. శ్రద్ధ లేక కాదు సార్. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. స్పీకరుకు 34 మీటర్ల దూరంలో నిలబడ్డ పిల్లకు పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. 96 వేగంలో ఒక దెబ్బ ఉండేది సెకనులో పదింట ఆరు వంతులు. అంటే దెబ్బలో ఆరో వంతు ఆలస్యం. కెమెరాకు అది స్పష్టంగా తెలుస్తుంది. ఆ పిల్లను తిట్టడం ఆపి స్పీకరును మధ్యకు జరపండి, లేదా పిల్లల్ని దగ్గరకు లాగండి. భౌతికశాస్త్రం పాఠం కూడా అయిపోయింది.

నిలబడే చోట్లు కబడ్డీ కోర్టు గీసే సున్నంతో గుర్తు పెట్టండి. ప్రతి షాటు మొదట్లో కెమెరా ముందు ఒకరు గట్టిగా చప్పట్లు కొట్టండి. చేతులు కలిసిన బొమ్మ, ఆ చప్పుడు రెండూ దొరికితే పాటతో బొమ్మను కలపడం తేలిక. పిల్లలకు నచ్చే కిటుకు ఒకటి చెప్తాను. ఫోనులో సెకనుకు 60 ఫ్రేములు పెట్టి, పాటను రెట్టింపు వేగంతో వేసి, వాళ్లను ఆ వేగంలోనే పాడుతూ ఆడమనండి. తర్వాత దాన్ని సగం వేగానికి తగ్గిస్తే జడలు, ఓణీలు గాలిలో నెమ్మదిగా తేలుతుంటాయి, పెదవులు మాత్రం పాటకు సరిగ్గా కలుస్తాయి. సినిమా పాటల్లో మీరు చూసేది ఇదే. కానీ రెట్టింపు వేగంలో పాడాలంటే సాధన కూడా రెట్టింపు కావాలి!

డ్రోను వద్దా అని అడుగుతున్నారు. పై నుంచి చూస్తే తలకాయలే కనపడతాయి, ఎవరి తల ఎవరిదో కన్నతల్లికి కూడా తెలియదు. ఒక్క షాటు తీసుకోండి, బడి, చుట్టూ తోటలు కనపడేలా. చాలు. ‘ఓకే గో’ అని ఒక అమెరికా బృందం ఉంది. 2006లో నలుగురు మనుషులు, ఎనిమిది ట్రెడ్‌మిల్లులు పెట్టి ఒక వీడియో తీశారు. కెమెరా ఒక్కచోటే ఉంది, కదల్లేదు. మధ్యలో ఒక్క కత్తిరింపు లేదు. పాడేవాడి సోదరి వాళ్లకు అడుగులు నేర్పింది. పదిహేడో ప్రయత్నంలో కుదిరింది. దానికి గ్రామీ అవార్డు ఇచ్చారు. అందులో ఖరీదైనది సాధన ఒక్కటే.

వైరల్ అవుతుందా అని కూడా అడిగారు. ‘బుల్లెట్టు బండి’ పాట 2021 ఏప్రిల్‌లో వచ్చింది. మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో దానికి ఆడిన వీడియో ఆగస్టులో తిరిగాక ఊరూరా మోగింది. ఆ పాట చేసినవాళ్లు ఆ పెళ్లిని ప్లాను చేశారా? లేదు కదా. మన చేతిలో లేనిదాని గురించి మీటింగులు పెట్టుకోవద్దు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వచ్చాను. ఊరి పేరు, జిల్లా పేరు చెప్పను. కొన్నేళ్ల కిందట ఒక బడికి పాట రికార్డు చేయడానికి వెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి పాడింది. నేను ఇన్నేళ్లలో విన్న మంచి గొంతుల్లో అదొకటి. రికార్డింగు ముగించి నేను వచ్చేశాను. తర్వాత వాళ్లు వీడియో తీయించుకున్నారు. తెర మీద ఆ గొంతుకు పెదవులు కలిపింది వేరే పిల్ల. కాస్త తెల్లగా, పొడుగ్గా, తీసినవాళ్ల మాటలో చెప్పాలంటే ‘ఫొటోజెనిక్’గా ఉన్న పిల్ల. పాడిన పిల్ల మూడో వరుసలో చివర ఉంది. వీడియో వేసిన రోజు నన్నూ పిలిచారు. ఆ పిల్ల నాయనమ్మ నా ముందు కుర్చీలో కూర్చుంది. పాట అయ్యేవరకు వెతికింది. అయ్యాక పక్కామెను అడిగింది, ‘గొంతు మా పిల్లదే, మా పిల్లేదే?’ అని.

పక్కామె ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

అందుకే నా షరతు ఒక్కటే. ఎవరి గొంతో వాళ్ల ముఖం. ప్లేబ్యాక్ పద్ధతిని వాడుకుందాం, కానీ పిల్లల్ని విడగొట్టడానికి కాదు. బయటి టీము రెండు రోజుల్లో తీసిచ్చేటప్పుడు ఈ జాగ్రత్త ఉండదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్లకు టైము లేదు, ముందు ఎవరు బాగా కనిపిస్తే వాళ్లను ముందు నిలబెడతారు. నలభై రోజులు పిల్లలతో ఉన్న టీచరుకు మాత్రమే తెలుస్తుంది, మూడో వరుసలో పిల్ల మొదటి వారం తల వంచుకుని ఉండేదని, ఐదో వారానికి తలెత్తిందని. సాధన ఆటపాటలతో పాటు ఆ పనీ చేస్తుంది.

అందరూ పాడలేరు, అందరూ ఆడలేరు, అదీ నిజమే. పాడనివాళ్లకు పని లేదని కాదు. స్పీకరు నడిపేవాడు కావాలి, సున్నం గీసేవాడు కావాలి, చప్పట్లు కొట్టేవాడు కావాలి. ఏ షాటులో ఎవరి రిబ్బను ఏ రంగు, ఎవరి బొత్తాం ఊడింది, నోటుబుక్కులో రాసుకునే పిల్ల కావాలి. ఆ నోటుబుక్కు పిల్లను తక్కువగా చూడకండి, సినిమావాళ్లు దానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారు. వీళ్లందరి పేర్లూ బడి తెర మీద పడాలి.

కెనడాలో లాంగ్లీ అనే చోట, 1976, 77లో, హాన్స్ ఫెంగర్ అనే సంగీతం టీచరు పల్లె బళ్ల పిల్లల్ని వ్యాయామశాలలో చేర్చి పాడించి టేపు మీద రికార్డు చేశాడు. రికార్డులు వేయించి తల్లిదండ్రులకు, బంధువులకు పంచారు. అంతటితో అయిపోయింది. 2001లో అవి సీడీగా లోకం ముందుకు వచ్చాయి. విన్నవాళ్లు ముగ్ధులయ్యారు. వాళ్లు పాడినవి అప్పటి పాప్ పాటలే. నేను చెప్పేది పాటల గురించి కాదు, గొంతుల గురించి. శ్రుతి అక్కడక్కడ జారుతుంది, తాళం వాద్యం ఒకటి ముందుకు పరిగెడుతుంది. ఎవరూ వాటిని సరిచేయలేదు. ఈ రోజుల్లో ఫోనులోనే శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేరు ఉంది. దయచేసి దాన్ని ముట్టుకోవద్దు. నున్నగా దిద్దాక మన పిల్లల గొంతు ఏ టీవీ ప్రకటనలోనైనా వినపడే గొంతైపోతుంది.

ఆఖరిగా, తల్లిదండ్రుల అనుమతి. దీన్ని ఫార్మాలిటీగా చూడకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. చట్టం సంగతి అటుంచండి. మన ఇళ్లలో ఉన్న భయం మనకు తెలియదా? ఆడపిల్ల ఆడిన నాలుగు సెకన్ల ముక్కను ఎవడో కోసి, వేరే పాట తగిలించి, వాట్సాపులో తిప్పితే ఆ పిల్ల చదువు ఆగిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ‘వాళ్లు పాతకాలం మనుషులు’ అని మనం విసుక్కుంటే ఆ పిల్లకు ఒరిగేది లేదు. అందుకని రెండు వీడియోలు చేద్దాం. ఒకటి మన కోసం, అన్ని ముఖాలతో, అందరి పేర్లతో. స్వర్ణోత్సవం రోజు తెర మీద వేసి, ప్రతి ఇంటికీ పెన్‌డ్రైవులో ఇద్దాం. రెండోది బయటి లోకం కోసం. ఇంట్లో సరేనన్న పిల్లలు మాత్రమే దగ్గరగా కనపడేది. మిగతావాళ్లు దూరపు షాటుల్లో, చేతులు, కాళ్లు, డప్పు, సున్నం గీతలు. అందులో పిల్లల పేర్లు ఉండకూడదు. ఎవరు సరేనన్నారో, ఎవరు వద్దన్నారో నలుగురిలో అడగొద్దు. టీచరమ్మలు ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడాలి, పిల్లతో విడిగా మాట్లాడాలి. తల్లి సరేనన్నా పిల్ల వద్దంటే వద్దే.

డబ్బు ఎక్కడికి పోవాలంటే, సాధన రోజుల్లో పిల్లలకు అటుకులో, అరటిపండో, పాలో. పక్క ఊళ్ల పిల్లలకు అవసరమైన రోజు ఆటో. ఒక మంచి స్పీకరు, అది తర్వాత బడికే ఉండిపోతుంది. రెండు డప్పులు, ఒక శ్రుతిపెట్టె, ఒక మైకు. పాట నేర్పడానికి వచ్చే ఊరి పెద్దమ్మలకు చీర, గౌరవం. ఎడిటింగుకు ఒక తమ్ముణ్ణి నేనే తీసుకొస్తాను, పక్కన ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పుతూ చేయాలన్నది ఒప్పందం. ఇంకా మిగిలితే ఆ హైదరాబాదు టీములోంచి ఒక్క కెమెరామెన్‌ను ఒక్కరోజుకు పిలవండి, నాకేం అభ్యంతరం లేదు. ఆయన వచ్చేసరికి పిల్లలకు పాట నిద్రలో కూడా వచ్చి ఉండాలి.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం. నలభై రోజులు, రోజుకు ఒకరు. పొద్దున అరగంట వచ్చి మైదానం అంచున నిలబడండి. సలహాలివ్వకండి, అడిగితే తప్ప. ఊళ్లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద పని కాదు, సత్తుపల్లి, ఖమ్మంలో ఉన్నవాళ్లకు కూడా కాదు. పేర్లు రాసుకునే కాగితం తలుపు దగ్గర పెట్టాం. ఇప్పటికి పదకొండు పేర్లు పడ్డాయి, ఇంకా ఇరవై తొమ్మిది కావాలి.

రికార్డింగు శనివారం చేద్దామనుకుంటున్నాం, మోటారు ఆపమని వాచ్‌మన్ గారికి చెప్పాను. బియ్యం గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో హెడ్మాస్టరు గారిని ఇప్పుడే కిందికి దిగి అడుగుతాను.